పువ్వు వెనక మరో లోకం

పువ్వును ఫొటో తీసి, దాని వెనకున్న గోడనో, తీగనో, ఎండుటాకులనో తొలగించి, ఆ చోట ఇంకొకటి పెట్టడం ఇవాళ ఫోన్ ఉన్న ప్రతివాళ్లకూ చేతనైన పని. మందారం వెనక మంచుకొండలు, తామర వెనక పాలపుంత, గులాబీ వెనక తుప్పుపట్టిన ఇనుపరేకు, మల్లెమొగ్గ వెనక పాత ఉత్తరంలోని చేతిరాత. వీటిలో కొన్నింటి దగ్గర చూపు ఆగిపోతుంది. ఎక్కువ భాగం క్షణంలో మరపున పడిపోతాయి. ఈ తేడా ఎందుకు వస్తోంది? పనితనం చాలకపోవడమే కారణమని చాలామంది అంటారు. అది సగం జవాబు. ఆ పువ్వుకూ ఆ నేపథ్యానికీ ఏమైనా సంబంధం ఉందా అన్నది మిగతా సగం. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

ఫొటోగ్రఫీ పుట్టకముందే ఈ కళ ఒక శిఖరాన్ని చూసింది. లండన్ వైద్యుడు రాబర్ట్ జాన్ థార్న్‌టన్ 1799 నుంచి 1807 దాకా భాగాలుగా వెలువరించిన ‘టెంపుల్ ఆఫ్ ఫ్లోరా’ చిత్రసంపుటిలో పువ్వుల వెనక పెద్ద పెద్ద ప్రకృతి దృశ్యాలు ఉంటాయి. రాత్రిపూట విచ్చే సెరియస్ అనే కాక్టస్ పువ్వు బొమ్మ వాటిలో ఒకటి. ఆ మొక్క జమైకా వంటి వేడి దీవులది. బొమ్మలో దాని వెనక ఉన్నవి మాత్రం ఇంగ్లండు చెట్లు, వెన్నెల మెరిసే ఏరు, ఒక పాత బురుజు, ఆ బురుజుకో గడియారం. గడియారంలో ముల్లు అర్ధరాత్రి పన్నెండు చూపిస్తోంది. పువ్వును ఫిలిప్ రైనగల్ గీశాడు, వెన్నెలను ఏబ్రహాం పీథర్ గీశాడు. ఒకరి పువ్వు, మరొకరి నేపథ్యం. ఇప్పటివాళ్లు దీన్నే రెండు లేయర్లు అంటారు.

భూగోళం లెక్కన ఆ బొమ్మ తప్పు. అయినా ఆ గడియారాన్ని అందానికని పెట్టలేదు. ఆ పువ్వు నిండుగా విచ్చుకునే వేళ అదే. ప్రతి దృశ్యాన్నీ దాని పువ్వుకు తగినట్టే ఎంచామని థార్న్‌టన్ స్వయంగా రాసుకున్నాడు, ఈ గడియారం సంగతి కూడా చెప్పాడు. ఆ సంపుటి ఖర్చు అతన్ని ముంచేసింది. 1811లో పార్లమెంటు చట్టంతో లాటరీ నడుపుకోవడానికి అనుమతి తెచ్చుకున్నా కోలుకోలేకపోయాడు. కానీ నేపథ్యం మార్చాలనుకునే ఎవరికైనా అతను ఒక కొలబద్ద ఇచ్చి వెళ్లాడు: వెనక పెట్టే దృశ్యం ఎంత వింతదైనా సరే, ముందున్న పువ్వు గురించి ఒక నిజం చెప్పాలి.

ఈ కొలబద్దతో మన ఇళ్లలో పూసే పువ్వునే కొలిచి చూడవచ్చు. కుండీలో పెరిగి, ఏడాదికి కొన్ని రాత్రులు మాత్రమే పూసి, ఇరుగుపొరుగు వాళ్లను అర్ధరాత్రి దాకా వరండాలో కూర్చోబెట్టే మన బ్రహ్మకమలం ఆ సెరియస్‌కు దగ్గరి చుట్టం. అదీ కాక్టస్సే, పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా అడవులు. హిమాలయాల ఎత్తుల్లో పూసే బ్రహ్మకమలం, అంటే ఉత్తరాఖండ్ రాష్ట్రపుష్పం, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన వేరే మొక్క. వరండాలో ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో పువ్వు వెనక బకెట్టు, దండెం మీది బట్టలు, కరెంటు మీటరు పడతాయి. వాటిని తీసేయాలనిపించడం న్యాయమే. తీసేశాక ఎక్కువమంది అక్కడ కైలాస శిఖరం పెడతారు. భక్తి వల్ల పెడతారు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ చిత్రం చూసినవాళ్లకు పువ్వు గురించి తెలిసేది అబద్ధం. చోటు మారినా థార్న్‌టన్ బొమ్మలో వేళ నిజంగా ఉంది. మంచుకొండ ముందు నిలబెట్టిన కాక్టస్ పువ్వులో చోటూ నిజం కాదు, వేళా కనబడదు.

వింత నేపథ్యం అనగానే మనకు పాలపుంతలూ జలపాతాలూ గుర్తొస్తాయి. పువ్వు వెనక పెట్టిన నేపథ్యాల్లో అన్నిటికన్నా అసహజమైనది తెల్లకాగితం. అలవాటైపోయి మనకు వింతగా తోచదు, అంతే. వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండగా భారతీయ చిత్రకారుల చేత గీయించిన మొక్కల బొమ్మలు ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ పేరుతో 1795 నుంచి మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. మొత్తం 300 బొమ్మలు. గోదావరి తీరపు మట్టి, ఎండ, చెట్టు నీడ ఏవీ వాటిలో లేవు. మొక్క ఒక్కటే ఉంది, ఎందుకంటే శాస్త్రానికి ఆ మొక్కను మిగతా మొక్కలతో పోల్చి చూడడం కావాలి. జర్మనీలో ఫొటోగ్రాఫర్ కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ 1928లో అచ్చువేసిన ‘ఉర్‌ఫార్మెన్ డెర్ కున్స్ట్’ పుస్తకంలో బూడిదరంగు అట్టల ముందు నిలబెట్టి, కొన్నింటిని ముప్ఫై రెట్ల దాకా పెంచి తీసిన మొగ్గలూ తీగలూ ఇనుప కమ్మీల్లా, గుడి స్తంభాల్లా కనిపిస్తాయి. నేపథ్యాన్ని పూర్తిగా ఖాళీ చేయడం వల్లే ఆ పోలిక సాధ్యమైంది. ఖాళీ కూడా ఒక ఎంపిక అని ఒప్పుకుంటే, నేపథ్యం మార్చడమే మోసం అనే వాదన పెద్దగా నిలవదు.

ఒక్క చోట పూయని పువ్వులను ఒక్క చిత్రంలోకి తేవడం కూడా పాత సంగతే. నెదర్లాండ్స్‌లో చిత్రకారుడు ఆంబ్రోసియస్ బోషార్ట్ 1618 ప్రాంతంలో గీసిన పూలకుండీ ఒక కిటికీలో ఉంటుంది, వెనక దూరంగా పల్లె కనిపిస్తుంది. ఆ కుండీలోని పువ్వులన్నీ ఒకే రుతువులో దొరికేవి కావు. యాన్ వాన్ హైసమ్ గీసిన ఒక పూలచిత్రం మీద 1736, 1737 అని రెండు సంవత్సరాలు ఉంటాయి. రుతువును బట్టి ఒక్కో పువ్వూ పూసేదాకా ఆగి గీయడం అతని పద్ధతి. ఈ రోజు బాస్ మేయూస్ అనే డచ్ ఫొటోగ్రాఫర్ ఒక్కో పువ్వునూ విడిగా, ఒకే తీరు వెలుతురులో ఫొటో తీసి, నల్లని నేపథ్యం మీద కంప్యూటర్లో గుత్తులుగా కూరుస్తున్నాడు. ఆ వెలుతురును ముందే నిర్ణయించుకోవడం అతని పనిలో కీలకం.

ఫొటోగ్రఫీలో కలిపి కూర్చడం అవసరం కొద్దీ మొదలైంది. 1850లలో వాడిన కొలోడియన్ పూత గాజుపలకలకు నీలిరంగు మీద మోజు ఎక్కువ. ఆకాశం క్షణాల్లో తెల్లబడిపోయేది, నేల మాత్రం పడేది కాదు. అందుకే ఫ్రాన్స్‌లో గుస్తావ్ లెగ్రే సముద్రానికి ఒక నెగటివ్, మేఘాలకు ఒక నెగటివ్ తీసి రెంటినీ ఒకే కాగితం మీద ముద్రించాడు. ఒకే మేఘాలను వేర్వేరు సముద్రాల మీద వాడాడు కూడా. ఇప్పుడు అమ్మే రెడీమేడ్ ఆకాశాల ఫైళ్లకు మూలపురుషుడు అతనే అనవచ్చు. 1857లో ఆస్కార్ రెయిలాండర్ ముప్ఫైకి పైగా నెగటివ్‌లతో ‘టూ వేస్ ఆఫ్ లైఫ్’ కూర్చాడు. మరుసటి ఏడు హెన్రీ పీచ్ రాబిన్సన్ అయిదు నెగటివ్‌లతో ‘ఫేడింగ్ అవే’ చేశాడు. ఇది ఫొటోగ్రఫీయేనా అన్న తగవు అప్పుడే లేచింది, ఇంకా తెగలేదు. అదే కాలంలో పూలఫొటోలకు పేరుమోసిన అడోల్ఫ్ బ్రాన్ దారి వేరు. బట్టల మీద అచ్చుకు డిజైన్లు గీసే మనిషి అతను. 1850లలో దాదాపు 300 పూలఫొటోలు తీసింది డిజైనర్ల కోసమే. పువ్వును దాని చోటునుంచి ఎత్తి ఇంకో చోట వేసుకోవడానికి వీలుగా తీయడం ఉద్దేశపూర్వకంగా అక్కడ కనిపిస్తుంది.

ఇక పనితనం. పువ్వును కత్తిరించి ఇంకోచోట పెట్టడం మనిషిని కత్తిరించి పెట్టడం కన్నా కష్టం. పూలరేకు గుండా వెలుతురు పారుతుంది కాబట్టి. మందారం రేకు వెనక ఆకుపచ్చని చెట్టు ఉంటే, రేకు అంచుల్లో, పలచని భాగాల్లో ఆ పచ్చదనం కొంత కలిసే ఉంటుంది. నీలాకాశం కింద నీడలో తీసిన మల్లెలో నీలిఛాయ ఉంటుంది. పువ్వును ఎంత నేర్పుగా కత్తిరించినా అది పాత చోటి వెలుతురును వెంట తెచ్చుకుంటుంది. ఆ పువ్వును ఎర్రని సూర్యాస్తమయం ముందు పెడితే, కత్తెర గీత ఎక్కడా కనబడకపోయినా, చూసే కంటికి ఏదో పొసగదు. కారణం చెప్పలేకపోయినా నమ్మదు. ఈ రంగంలో పాడైపోతున్న చిత్రాల్లో ఎక్కువ ఇక్కడే పాడవుతున్నాయని నా నమ్మకం. కాబట్టి నేపథ్యం ఏమిటో పువ్వును తీయకముందే తేల్చుకోవాలి. సాయంకాలపు ఆకాశం పెట్టదలచుకుంటే సాయంకాలపు వెలుతురే, ఆ దిక్కునుంచే, పువ్వు మీద పడాలి. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో సరిచేద్దాంలే అనుకుంటే చేయగలిగేది కొద్దిగానే.

అంచు రెండో చిక్కు. పువ్వు అంచున ఉండే పిక్సెల్ పూర్తిగా పువ్వూ కాదు, పూర్తిగా నేపథ్యమూ కాదు. నలభై శాతం రేకు, అరవై శాతం వెనకటి ఆకు కావచ్చు. ఈ పాలును అంకెగా దాచుకునే పద్ధతికి 1984లో లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేస్తున్న థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఒక గణితరూపం ఇచ్చారు. ఇప్పటి లేయర్లూ మాస్కులూ అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. అసలు చిక్కు ఏమిటంటే, ఫొటోలోని ఒక పిక్సెల్ మనకు మూడు అంకెలే ఇస్తుంది: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. తెలుసుకోవలసినవి ఏడు: పువ్వు రంగువి మూడు, పాత నేపథ్యం రంగువి మూడు, రెంటి మధ్య పాలు ఒకటి. అందుకే ఎంత గొప్ప ఆటోమేటిక్ టూల్ అయినా అంచు దగ్గర ఊహిస్తుంది. దీనికి 1996లో ఆల్వీ రే స్మిత్, జేమ్స్ బ్లిన్ చూపిన ఉపాయం పువ్వులవాళ్లు ఎందుకు ఎక్కువగా వాడరో నాకు అర్థం కాదు. కెమెరాను, పువ్వును కదల్చకుండా, వెనక ఒకసారి ఒక రంగు అట్ట, మరోసారి ఇంకో రంగు అట్ట పెట్టి రెండు ఫొటోలు తీస్తే చాలు. అట్టల రంగులు ముందే తెలుసు కాబట్టి ప్రతి పిక్సెల్‌కూ పాలు లెక్కగట్టి తేల్చవచ్చు. గాలిలేని గదిలో కోసిన పువ్వుకు ఇది చక్కగా కుదురుతుంది. తోటలో కుదరదు.

సినిమావాళ్ల గ్రీన్ మ్యాట్ మన పనికి రాదు, ఆకులూ కాడలూ దానితో పాటే మాయమవుతాయి. నీలం పెడితే ఆకులు బతుకుతాయి, శంఖుపుష్పం పోతుంది. తెల్లపువ్వులు ఏ మ్యాట్ రంగునైనా పీల్చుకుంటాయి.

పలచని రేకులకు హెరాల్డ్ డేవిస్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి నాకు బాగా నచ్చింది. పూలను తెల్లని లైట్‌బాక్స్ మీద పరిచి, వెలుతురు కిందినుంచి రేకుల గుండా వచ్చేలా, ఎక్కువ ఎక్స్‌పోజర్‌తో కొన్ని ఫొటోలు తీసి కలుపుతాడు. ఆ చిత్రాన్ని పాత కాగితం మీదో గుడ్డ మీదో మల్టిప్లై మోడ్‌లో (రెండు పొరల రంగులను కలిపి ముదురు చేసే పద్ధతిలో) వేస్తే తెల్లదనం మాయమై, రేకు గుండా కొత్త నేపథ్యం సహజంగా తొంగిచూస్తుంది. కత్తెర అక్కర్లేదు, అంచు సమస్యే లేదు. అయితే నేపథ్యం పువ్వు కన్నా లేతగా ఉండాలి, ముదురు రంగు మీద వేస్తే పువ్వు మసకబారుతుంది. నందివర్ధనం, మల్లె వంటి తెల్లపూలకు ఇది పనిచేయదు, తెలుపుతో పాటు అవీ కరిగిపోతాయి. వాటిని నల్లని మఖ్మల్ ముందు తీసి, దీనికి తలకిందులుగా నలుపును మాయం చేసే స్క్రీన్ మోడ్‌లో వేయాలి.

ఇక మూడోది ఫోకస్. పువ్వును దాని అసలు పరిమాణంలో సెన్సర్ మీద పడేలా, అంటే 1:1లో, ఎఫ్ 8 ఎపర్చర్ దగ్గర తీస్తే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో స్పష్టంగా ఉండే లోతు దాదాపు ఒక మిల్లీమీటరు. అంటే ఒకే పువ్వులో ముందు రేకు అంచు పదునుగా, వెనక రేకు అంచు మెత్తగా ఉంటాయి. మాస్క్ కూడా అలాగే చోటును బట్టి మారాలి. చాలామంది అంచంతా ఒకే ఫెదర్, అంటే ఒకే మెత్తదనం, వేస్తారు, అక్కడ పువ్వు కాగితంబొమ్మ అయిపోతుంది. వెనక పెట్టిన కొండ రాయి రాయీ కనబడేంత స్పష్టంగా ఉన్నా నమ్మకం చెడుతుంది.

వీటన్నిటినీ ఒక్క దెబ్బకు దాటే దారి ఒకటుంది. నేపథ్యాన్ని తర్వాత మార్చకుండా ముందే మార్చడం. కావలసిన దృశ్యాన్ని మెరుపులేని కాగితం మీద ప్రింటు తీయించి, లేదా టీవీ తెర మీద వేసి, పువ్వును దాని ముందు కొంత దూరంలో పెట్టి తీయడం. మసక సహజంగా వస్తుంది. తెర వెలుగు రేకు గుండా పారుతుంది, అంచుల్లో కొత్త రంగే చేరుతుంది. షట్టర్ వేగం మరీ పెంచితే తెర మీద చారలు పడతాయి, తెర ఫోకస్‌కు దగ్గరగా ఉంటే గళ్లు కనిపిస్తాయి. ఈ రెండూ చూసుకోవాలి. మన పాత మద్రాసు స్టూడియోల్లో బ్యాక్ ప్రొజెక్షన్ చేసిన పని ఇదే. 2019లో వచ్చిన ‘మాండలోరియన్’ ధారావాహికను ఎల్‌ఈడీ గోడల ముందు తీయడంలో ఉన్న సూత్రమూ ఇదే. కంప్యూటర్ కూర్పు కన్నా దీన్నే నేను ముందు సిఫారసు చేస్తాను. ఖర్చు తక్కువ, నేర్చుకునేది ఎక్కువ.

తెలుగు నేల మీద నేపథ్యం మార్చే సంప్రదాయానికి ఫొటో స్టూడియోల్లో లోతైన వేళ్లున్నాయి. తాజ్‌మహల్, మెట్లదారి, పూలతోట గీసిన కర్టెన్ల ముందు మూడు తరాల కుటుంబాలు నిలబడ్డాయి. వీడియోలు వచ్చాక పెళ్లి క్యాసెట్లలో ‘మిక్సింగ్’ మొదలైంది. గులాబీ విచ్చుకుంటే మధ్యలో వధూవరులు, తామరలో నవ్వే పసిపాప. అక్కడ పువ్వే నేపథ్యం, మనిషి ముందు. 1990లో ఫొటోషాప్, 1994లో దానికి లేయర్లు వచ్చాక ఈ పని పల్లె స్టూడియోలకూ చేరింది. రెడీమేడ్ నేపథ్యాలున్న పీఎస్‌డీ ఫైళ్ల డిస్కులు కొనుక్కుని, రాత్రుళ్లు కూర్చుని పెన్ టూల్‌తో జడలోని మల్లెపూలను చుట్టూ గీసిన కుర్రాళ్లు ఎందరో. వాళ్ల చేతిపనికి దక్కవలసిన గౌరవం దక్కలేదు. ఫొటోలను చేత్తో దిద్దే టచింగ్ ఆర్టిస్టుల కాలంనుంచి కంప్యూటర్లో కూర్చి అచ్చువేసే కరిజ్మా పెళ్లి ఆల్బమ్‌ల దాకా మన మిక్సింగ్ చరిత్రను ఎవరైనా నమూనాలతో సహా భద్రపరచాలి. ఆ ఫైళ్లున్న డిస్కులు పాడైపోతున్నాయి.

ఇప్పుడు ఆ కత్తిరింపు క్షణాల పని. ఫొటోషాప్‌లో 2018లో వస్తువును తానే ఎంచుకునే సెలెక్ట్ సబ్జెక్ట్, 2020లో ఆకాశం మార్చే టూల్, 2023లో ఖాళీని యంత్రమే పూరించే జెనరేటివ్ ఫిల్ వచ్చాయి. చేతిశ్రమ తగ్గినందుకు సంతోషమే. అయితే యంత్రం పూరించిన భాగంలో తరచూ మొక్క చెడుతోంది. మందారానికి ఆరో రేకు మొలుస్తుంది, కాడకు సంబంధం లేని ఆకులు పుడతాయి. వృక్షశాస్త్రం తెలియని కన్ను దాన్ని దాటవేస్తుంది.

ఈ దాటవేతకు ధర ఉంది. అసలు లేని రంగుల గులాబీలను ఫొటోల్లో చూపి విత్తనాలు అమ్మే వ్యాపారం ఇంటర్నెట్టులో బాహాటంగా నడుస్తోంది. నీలిగులాబీ సంగతే తీసుకోండి. గులాబీల్లో నీలానికి కావలసిన డెల్ఫినిడిన్ అనే రంగుపదార్థమే సహజంగా లేదు. జపాన్ కంపెనీ సంటోరీ జన్యుమార్పిడితో సాధించి 2004లో ప్రకటించి, 2009లో అమ్మకానికి పెట్టిన పువ్వు కూడా లేత ఊదాకే దగ్గర. మేఘాల్లేని ఆకాశం రంగులో ఉన్న గులాబీ ఫొటో చూసి డబ్బు కట్టినవాళ్లకు వచ్చేది ఏదో కలుపుమొక్క విత్తనం. నాలుగువందల ఏళ్లకోసారి పూస్తుందంటూ తిరిగే వాట్సాప్ పువ్వులదీ ఇదే కోవ. అక్కడ చిత్రం చేసే హాని కన్నా దాని కింది రెండు వాక్యాలు చేసే హాని ఎక్కువ.

పోటీల నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి, మనవాళ్లు చదవరు. ఫియాప్, పీఎస్‌ఏ వంటి ఫొటోగ్రఫీ సంస్థలు ఒప్పుకున్న నేచర్ విభాగం నిర్వచనం ప్రకారం చిత్రంలో దేన్నీ చేర్చకూడదు, జరపకూడదు, మార్చకూడదు, క్రాప్ తప్ప మరో విధంగా తీసేయకూడదు. తోటలో పెంచిన పువ్వులకు, మనిషి సృష్టించిన సంకర జాతులకు కూడా ఆ విభాగంలో చోటు లేదు. కూర్పు చిత్రాలకు ఓపెన్, క్రియేటివ్ వంటి విభాగాలున్నాయి. అక్కడ పంపితే అది కళ, నేచర్‌లో పంపితే అది మోసం. ఒకే చిత్రం, చీటీ మారింది. ఆ చీటీ రాయడం ఫొటోగ్రాఫర్ బాధ్యత. అసలు ఫైలు దాచుకోవడం కూడా.

విచిత్రం ఏమిటంటే, అతి వింత నేపథ్యాల్లో కొన్ని పూర్తిగా నిజమైనవి. 2014 జులైలో జపాన్ పుష్పకళాకారుడు అజుమా మకోటో అమెరికాలోని నెవాడా ఎడారినుంచి ఒక బోన్సాయ్‌నూ ఒక పూలకూర్పునూ బెలూన్‌తో 25 కిలోమీటర్లకు పైన స్ట్రాటోస్ఫియర్‌లోకి పంపాడు. ఆ ఫొటోల్లో రంగురంగుల పువ్వులు, వాటి వెనక నల్లని ఆకాశం, వంపు తిరిగిన భూమి. 2016 జనవరిలో అంతరిక్ష కేంద్రంలో పూసిన జిన్నియా పువ్వును వ్యోమగామి స్కాట్ కెలీ కిటికీ దగ్గర పట్టుకుని భూమి నేపథ్యంగా ఫొటో తీశాడు. ఈ రెండూ చూసినవాళ్లు ముందు ఎడిటింగ్ అనే అనుకుంటారు. తప్పుడు కూర్పులు ఇన్ని చూశాక నిజమైన అద్భుతాన్ని కూడా నమ్మలేని స్థితికి వచ్చాం. చీటీ ఎందుకు రాయాలంటే ఇందుకు.

కూర్పుకు పనికొచ్చే నిజాలు మన పూలలో కావలసినన్ని ఉన్నాయి. ఉమ్మెత్త సాయంవేళ విచ్చుకుని నిశాచరులైన హాక్ మాత్ చిమ్మటలను పిలుస్తుంది, దాని వెనక మధ్యాహ్నపు ఆకాశం ఎందుకు? మోదుగ ఆకులన్నీ రాల్చుకుని పూస్తుంది, దాని వెనక పచ్చని అడవి పెడితే ఆ చెట్టు స్వభావమే పోతుంది. తంగేడు సంగతి ఇంకా ఆసక్తికరం. బతుకమ్మ రోజుల్లో ఫ్లెక్సీల మీద దాని వెనక చార్మినారో, మెరుపు కిరణాలో పెడుతుంటారు. కానీ తంగేడు పువ్వులో పుప్పొడి పొడిగా రాలదు. కేసరాల కొసన సన్నని రంధ్రాలుంటాయి. పెద్ద నల్లతుమ్మెద వచ్చి, కేసరాలను పట్టుకుని, రెక్కల కండరాలను వణికించి ఝుమ్మంటే ఆ అదురుకు పుప్పొడి బయటికి చిమ్ముతుంది. ఆ ఝంకారాన్ని ఫోన్‌లోనే రికార్డు చేయవచ్చు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో దాన్ని రంగుల పట్టీలుగా చిత్రించవచ్చు. ఆ ధ్వనిచిత్రాన్ని మెరుపులేని కాగితం మీద ముదురు నీలంలో ప్రింటు తీసి, పసుపుపచ్చని తంగేటి పువ్వు వెనక రెండడుగుల దూరంలో నిలబెట్టి, పక్కనుంచి ఉదయపు వెలుతురు పడేలా తీయాలి. అలాంటి చిత్రం నేనింకా చూడలేదు. తీసేవాళ్లకు ఒక్క జాగ్రత్త: తుమ్మెదలు తంగేటి పొదల మీదికి పొద్దున్నే వస్తాయి, కాబట్టి శబ్దం ముందు, పువ్వు తర్వాత.